డిక్కీలో లేని రాళ్ళు

కోటిపర్రు తూకాలాఫీసు బండికి జబ్బు చేసిందని అందరికన్నా ముందు తెలిసింది దాని డ్రైవరు లోవరాజుకి. జబ్బేమిటో కూడా అతనికి మొదటిరోజే తెలుసు. తెలిసీ చెప్పకుండా ఊరుకున్నాడా అంటే అదీ లేదు. అడిగినవాళ్ళకి చెప్పాడు, అడగనివాళ్ళకీ చెప్పాడు. అయినా ఆ సంగతి కనుక్కోవడానికి పై ఆఫీసు ఒక కమిటీని పంపాల్సి వచ్చింది.

ఆ ఆఫీసు అసలు పేరు రాష్ట్ర తూకాల పర్యవేక్షక మండలి, కోటిపర్రు డివిజను కార్యాలయం. అంత పొడుగు పేరు ఎవరి నోటా పట్టక ఊళ్ళో అందరూ తూకాలాఫీసు అంటారు. కొట్లలో తక్కెళ్ళకి ముద్రలు వెయ్యడం, తూకంలో తేడా చేసేవాళ్ళని పట్టుకోవడం దాని పని. కూరగాయల దుకాణంలో కిలోకి యాభై గ్రాములు తగ్గినా ఆ ఆఫీసు వాళ్ళకి ఇట్టే తెలిసిపోతుందని పేరు. రైసుమిల్లుల్లో లారీలు తూచే పెద్ద కాటాలని పరీక్ష చెయ్యడానికి వాళ్ళ దగ్గర ఇరవై తూనిక రాళ్ళుండేవి. పోత ఇనుముతో చేసినవే అయినా రాళ్ళనే అంటారు. ఒక్కోటి ఇరవై కిలోలు. ఆఫీసు వెనక స్టోరుగదిలో బల్ల కింద వరసగా ఉండేవి.

జూన్ నెలలో పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. ఉద్యోగులు పని ఒత్తిడితో నలిగిపోతున్నారు కనుక ప్రతి ఆఫీసులోనూ ఒక ప్రశాంతత గది పెట్టాలి, ఫొటోలు వారంలోగా పంపాలి అని. కోటిపర్రు ఆఫీసులో ఉన్నవే నాలుగు గదులు. అందులో ఖాళీ చెయ్యగలిగింది స్టోరుగది ఒక్కటే. ఆరోజు లోవరాజు రాళ్ళన్నీ బండిలో వేసుకుని మిల్లుకి వెళ్ళాడు. సాయంత్రం తిరిగొచ్చేసరికి స్టోరుగదిలో ఆకుపచ్చ తివాచీ ఉంది, మూలన ప్లాస్టిక్ వెదురుచెట్టు ఉంది, గోడమీద జలపాతం బొమ్మ ఉంది. రాళ్ళకి చోటు లేదు.

ఆఫీసరు భాస్కరమూర్తి గారు గుమ్మంలో నిలబడి జలపాతం వంక చూస్తూ, "రెండు రోజులు బండిలోనే ఉండనివ్వవయ్యా. తర్వాత చూద్దాం" అన్నారు.

లోవరాజు రాళ్ళమీద నీలం పట్టా కప్పి డిక్కీ మూశాడు. ప్రశాంతత గదికి ఫొటోలు తీశారు, ప్రారంభోత్సవం చేశారు, ఎవరైనా లోపలికెళితే తివాచీ మాసిపోతుందని తాళం వేసేశారు. ఆ రెండు రోజులూ అలా జరుగుతూనే ఉన్నాయి.

ఇంతలో ఇంకో ఉత్తర్వు వచ్చింది. ఈ సంవత్సరాన్ని ఇంధన క్రమశిక్షణా సంవత్సరంగా పాటించాలి. మండలి బండ్లన్నీ లీటరుకి పదమూడు కిలోమీటర్లకి తగ్గకుండా ఇవ్వాలి. వరసగా మూడు నెలలు తగ్గితే డ్రైవర్ని తీసేసి, ఏజెన్సీ నుంచి వేరే డ్రైవర్ని తీసుకోవాలి. లోవరాజు ఏజెన్సీ మనిషి. ఆరేళ్ళ నుంచి ఆ బండిని పద్నాలుగుకి తగ్గకుండా నడిపినవాడు. జూలైలో పదకొండు వచ్చింది.

పదకొండు అంకె చూసి అతను కంగారుపడలేదు. సూపరింటెండెంటు విజయశారద గారి బల్ల దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మేడం గారండీ, బండి వెనకాల నాలుగు క్వింటాళ్ళున్నాయండి. అవి దింపించెయ్యండి. పద్నాలుగు రాకపోతే అప్పుడు నన్నడగండి."

విజయశారద గారు మంచావిడ. ఎవరినీ కసరదు. బీరువాలోంచి స్టాకు రిజిస్టరు తీసి పేజీ తిప్పి అతనివైపు పెట్టింది.

"చదువు నాయనా. తూనిక రాళ్ళు ఇరవై. ఉన్న స్థలము స్టోరుగది. స్థితి సంతృప్తికరము. జూలై ఒకటో తారీఖున సార్ స్వయంగా లెక్కచూసి సంతకం పెట్టారు."

"జూలైకి ఆ గదే లేదు కదండీ."

"గది లేదు. రిజిస్టర్లో ఉంది."

"మరి రాళ్ళు నా బండిలో ఉన్నాయి కదండీ."

"బండిలో ఉన్నాయని నువ్వు కాగితం మీద పెట్టావనుకో, స్టోరులో లేవని అర్థం. స్టోరులో లేవంటే పోయాయని అర్థం. పోయాయంటే పోలీసులకి చెప్పాలి. వాళ్ళొచ్చి వెతుకుతారు. ఎవరి బండిలో దొరుకుతాయి?"

లోవరాజు కిటికీలోంచి బయట ఉన్న బండి వంక చూశాడు.

"అందుకే అంటున్నాను. అవి స్టోరులోనే ఉన్నాయి. నువ్వు జాగ్రత్తగా నడుపు" అని ఆవిడ డబ్బాలోంచి ఒక కొబ్బరి లౌజు తీసి అతని చేతిలో పెట్టింది.

ఇంటికెళ్ళి సంగతంతా భార్యతో చెప్పాడు. ఆమె పేరు నూకరత్నం. రైతుబజారులో కూరగాయలమ్ముతుంది. ఆమె తక్కెడకి ఏటా ముద్ర వేసేది కూడా ఆ తూకాలాఫీసే.

"మొన్న నా దగ్గర వంకాయలు తూచి ముప్పై గ్రాములు తక్కువున్నాయని మీ ఇనస్పెట్రు గంటసేపు నిలబెట్టేశాడు. మీ బండిలో నాలుగు క్వింటాళ్ళు ఆయనకి కనపడలేదేటి?" అంది.

"కనపడ్డాయే. కాగితంలో లేవు."

"అయితే రాత్రికి రాత్రి దింపేసి ఆ గది గుమ్మంలో పడేసిరా."

"సీలేసిన రాళ్ళు. ఆఫీసరు చెప్పకుండా ముట్టుకుంటే ఉద్యోగం పోద్ది."

"ముట్టుకుంటే పోద్ది, ముట్టుకోకపోతే పోద్ది. ఏం ఉద్యోగమయ్యా నీది" అని రత్నం పొయ్యి మీద కూర కలుపుకుంది. మూత పెడుతూ, "బజారులో అప్పుడే అంటన్నారు, లోవరాజు డీజిలు అమ్ముకుంటన్నాడంట అని" అంది, అతనివైపు చూడకుండా.

ఆ మాట లోవరాజుకి అరికాల్లో ముల్లులా దిగింది. ఆరేళ్ళలో అతను ఆఫీసు డీజిలుతో చెయ్యి కూడా తుడుచుకోలేదు.

ఆగస్టు మొదటివారంలోనూ పదకొండే వచ్చింది. దాంతో ఒక ఫారం వచ్చింది. ఇంధన వినియోగ వ్యత్యాస వివరణ పత్రము అని దాని పేరు. మైలేజీ తగ్గడానికి పద్నాలుగు కారణాలు అచ్చువేసి ఉన్నాయి. మితిమీరిన వేగము, ఏసీ వాడకము, టైర్లలో గాలి తగ్గుట, రోడ్డు గుంతలు, ఎదురుగాలి, డ్రైవరు మనఃస్థితి, ఇలా. ఏదో ఒకదాని ఎదురుగా టిక్కు పెట్టాలి. బరువు అన్నది ఆ పద్నాలుగింటిలో లేదు. మన బండ్లలో బరువు అనుమతి లేదు కనుక ఉండే అవకాశం లేదని కింద చిన్న అక్షరాలతో రాశారు.

"ఏం పెట్టమంటారండీ?" అన్నాడు లోవరాజు.

విజయశారద గారు ఫారం పైనుంచి కిందికి రెండుసార్లు చదివింది. "వేగం పెడితే నీ తప్పు. గాలి తగ్గిందంటే నీ తప్పు. మనఃస్థితి అసలొద్దు, విశాఖపట్నం పిచ్చాసుపత్రికి పరీక్షకి పంపుతారు. ఎదురుగాలి పెట్టు. గాలి మీద ఎవరూ చర్య తీసుకోలేరు."

ఎదురుగాలి దగ్గర టిక్కు పెట్టి పంపారు. పదిరోజుల్లో జవాబొచ్చింది. 'వెళ్ళునపుడు ఎదురుగాలి వీచినచో, తిరిగి వచ్చునపుడు అదే గాలి వెనుకనుండి తోయవలెను. అట్టి సందర్భమున మైలేజీ పెరుగవలెను. పెరగకపోవుటకు కారణము తెలుపవలెను. సదరు గాలి వివరములు జతపరచవలెను.'

లోవరాజు ఆ కాగితం పట్టుకుని మెకానిక్కు కరీముల్లా షెడ్డుకి వెళ్ళాడు. కరీముల్లా బండిని ముట్టుకోనైనా లేదు. దూరంగా స్టూలు మీద కూర్చుని టీ తాగుతూ దాని వంక చూశాడు.

"బండి కూర్చుండిపోయింది కదరా రాజా. ముందు లేచి వెనక దిగిపోయింది. వెనక స్ప్రింగులు చూడు, బద్దలైపోయేలా ఉన్నాయి. ఏం మోస్తున్నావురా?"

"ఏం లేదు అన్నా."

"లేనిదాని బరువు ఎంతుంటుందో?"

"నాలుగు క్వింటాళ్ళు."

కరీముల్లా నవ్వి, తన బిల్లు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి రాసిచ్చాడు. బండికి ఏ లోపమూ లేదు, వెనక సుమారు నాలుగు వందల కిలోల బరువుంది, తీసేస్తే సరిపోతుంది అని. సంతకం పెట్టి షెడ్డు ముద్ర కూడా వేశాడు. ఆ కాగితాన్ని లోవరాజు దేవుడి పటంలా పట్టుకెళ్ళి ఆఫీసులో ఇచ్చాడు.

వారం తర్వాత జవాబు లోవరాజుకి రాలేదు. కరీముల్లాకి వచ్చింది. తూకపు యంత్రము లేకుండా, ముద్ర పడిన రాళ్ళు వాడకుండా, ఒక వస్తువు బరువును కంటితో చూసి ప్రకటించుట నేరము కనుక ఎందుకు చర్య తీసుకోకూడదో పదిహేను రోజుల్లో తెలపాలని నోటీసు. కరీముల్లా దాన్ని షెడ్డు గోడకి అతికించి, వచ్చినవాళ్ళందరికీ చూపించాడు. లోవరాజుతో మాత్రం, "ఇకమీదట నీ బండి తెస్తే కళ్ళు మూసుకుని బాగుచేస్తానురా" అన్నాడు.

ఆగస్టు పదకొండుతోనే ముగిసి, సెప్టెంబరు మొదలైంది. అది మూడో నెల. ఆ నెలాఖరుకి పదమూడు రాకపోతే లోవరాజు బండి తాళాలు ఇచ్చేసి ఇంటికి పోవాలి. ఏజెన్సీ వాళ్ళు కొత్త డ్రైవరు పేరు కూడా అనుకున్నారని తెలిసింది.

అప్పుడు కమిటీ వచ్చింది. దాని అధ్యక్షుడు త్రివిక్రమరావు గారు, పై ఆఫీసులో ఇంధన క్రమశిక్షణా విభాగానికి అధిపతి. సన్నగా, పొడుగ్గా, ఇస్త్రీ మడత చెడకుండా ఉంటారు. వెంట ఇద్దరు సభ్యులు, ఒక పెట్టె నిండా ఫారాలు. ఆయన వచ్చీరాగానే ఆఫీసు వాళ్ళందర్నీ వరండాలో నిలబెట్టి మాట్లాడారు.

"మనది తూకాల మండలి. ప్రపంచంలో దేనికైనా బరువు ఉంటుంది. ఆ బరువును శాస్త్రీయంగా, సమగ్రంగా, నిష్పాక్షికంగా నిర్ధారించడం మన ధర్మం. ఈ వాహనంలో ఉన్న ప్రతి వస్తువునూ తూచిన తర్వాతనే ఈ కమిటీ ఒక అభిప్రాయానికి వస్తుంది."

లోవరాజు గుండె కుదుటపడింది. ప్రతి వస్తువూ అన్నాక ఇంకేం కావాలి.

మొదట లోవరాజుని తూచారు. అరవై ఒక్క కిలోల రెండు వందల గ్రాములు. చెప్పులు విప్పించి మళ్ళీ తూచారు. భోజనానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి తూచి, మధ్యాహ్నం బండి మైలేజీ తగ్గడానికి భోజనం కొంత కారణం కావచ్చని రాసుకున్నారు. ఒక సభ్యుడు, "మధ్యాహ్నం పూట అటుకులు తింటే సరిపోదా?" అని సలహా ఇచ్చాడు. తాళాల గుత్తి తూచారు. అద్దం తుడిచే గుడ్డని పొడిగా ఒకసారి, తడిపి ఒకసారి తూచారు. ముందు కట్టిన నిమ్మకాయ, మిరపకాయల దండ తూచారు. నిమ్మకాయ ఎండిపోయి ఉండటంతో, అది పచ్చిగా ఉన్నప్పుడు ఎంత బరువుండేదో అన్న దానిమీద గంటసేపు చర్చ జరిగింది. రత్నం బజారునుంచి కొత్త నిమ్మకాయ పంపితే దాన్నీ తూచి చర్చ ముగించారు. డాష్‌బోర్డు మీద చిన్న వినాయకుడు ఎనభై అయిదు గ్రాములు తూగాడు. ఆయన్ని తీసేయాలా వద్దా అన్న విషయం సున్నితమైనది కనుక న్యాయ సలహాకి పంపాలని తీర్మానించారు.

సీట్లు, రబ్బరు పట్టాలు, జాకీ, మందుల పెట్టె అన్నీ అయ్యాయి. లోవరాజు వెళ్ళి డిక్కీ పక్కన నిలబడ్డాడు. త్రివిక్రమరావు గారు అక్కడిదాకా వచ్చారు. డిక్కీ మీద చెయ్యి వేశారు.

"ఇందులో ఏముంది?"

భాస్కరమూర్తి గారు ఒక్కసారి దగ్గారు. విజయశారద గారు బండి సామాను జాబితా ముందుకి చాచింది. త్రివిక్రమరావు గారు చదివారు. "స్టెప్నీ టైరు బండి కింద అమర్చబడి ఉన్నది. డిక్కీ ఖాళీ." ఆయన తల ఊపి చెయ్యి తీసేశారు. "ఖాళీని తూచే పద్ధతి మన మాన్యువల్లో లేదు."

"సార్ గారండీ, పట్టా కింద..." అన్నాడు లోవరాజు.

"డ్రైవరు తన మాట చెప్పుకోవడానికి అనుబంధం నాలుగులో అవకాశం ఇచ్చాం. ఇప్పుడు అనుబంధం రెండు నడుస్తోంది" అన్నారు త్రివిక్రమరావు గారు మర్యాదగానే.

అన్ని వస్తువుల బరువులూ కూడితే మైలేజీ తగ్గడానికి చాలలేదు. చివరికి బండినే మొత్తంగా తూచాలని నిర్ణయించారు. మర్నాడు పొద్దున్నే పద్దెనిమిది కిలోమీటర్ల దూరంలో ఉన్న మిల్లుకి వెళ్ళారు. బండిని లారీ కాటా మీద పెట్టి అందరూ దిగారు. కంపెనీ పుస్తకం ప్రకారం బండి పదహారు వందల కిలోలు. కాటా రెండు వేలు చూపించింది.

అందరూ కాసేపు ఆ అంకె వంక చూస్తూ నిలబడ్డారు. నిజం అంత పెద్ద ఎర్ర అంకెల్లో వెలుగుతుంటే ఇంక తన పని అయిపోయినట్టే అనుకున్నాడు లోవరాజు.

త్రివిక్రమరావు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పుస్తకం పదహారు వందలంటోంది. కాటా రెండు వేలంటోంది. పుస్తకం అచ్చయినది. అందువల్ల కాటా తప్పు." ఆయన భాస్కరమూర్తి గారి వైపు తిరిగారు. "ఈ కాటాని తక్షణం పరీక్షించాలి. మీ డివిజనులో ప్రామాణిక తూనిక రాళ్ళు ఉన్నాయి కదా?"

"ఉన్నాయి సార్. ఇరవై" అన్నారు భాస్కరమూర్తి గారు.

"ఎక్కడ ఉన్నాయి?"

"స్టోరుగదిలో సార్."

"తెప్పించండి."

"బండి పంపాలి సార్."

"ఈ బండే ఉంది కదా. పంపించండి."

లోవరాజు ఆఫీసరు మొహంలోకి చూశాడు. ఆఫీసరు మిల్లు కప్పు వంక చూశారు. లోవరాజు బండెక్కి రాళ్ళు తీసుకురావడానికి రాళ్ళతోనే బయల్దేరాడు.

ఆఫీసులో విజయశారద గారు రవాణా చీటీ రాసి పెట్టుకుని కూర్చుంది. ఫోనొచ్చిందట. ఇద్దరూ బండి దగ్గరికి వెళ్ళారు. ఆవిడ మొదటిసారి నీలం పట్టా ఎత్తి, వేలు పెట్టి ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టింది. చీటీ చదివింది. "తూనిక రాళ్ళు ఇరవై, స్టోరుగది నుండి బండిలోనికి ఎక్కించబడినవి. ఉదయం పదకొండు గంటల పది నిమిషములు. సరేనా?"

"ఎక్కి మూడు నెలలైందండి."

"ఈరోజే ఎక్కాయి నాయనా. సంతకం పెట్టు."

సంతకం పెట్టి, ఒక టీ తాగి, అతను మళ్ళీ పద్దెనిమిది కిలోమీటర్లు నడిపాడు. మిల్లు హమాలీలు రాళ్ళు దింపి కాటా మీద పేర్చారు. సరిగ్గా నాలుగు వందలు చూపించింది. గ్రాము తేడా లేదు. రాళ్ళు తీసి మళ్ళీ బండి పెట్టారు. పదహారు వందలు.

కాటా దగ్గర కూర్చునే మిల్లు గుమాస్తా ఏదో అనబోయాడు. భాస్కరమూర్తి గారు అతని వంక చూశారు. ఆ మిల్లు కాటాకి ముద్ర వేసేది ఆయనే కనుక గుమాస్తా పెన్ను కోసం వెతుక్కున్నాడు.

త్రివిక్రమరావు గారి మొహం వెలిగింది. "చూశారా. పొద్దున్న ఈ కాటా కలతలో ఉంది. ప్రామాణిక రాళ్ళు మీద పడగానే దారికొచ్చింది. సంస్థ పట్ల వస్తువులకీ ఒక భయం ఉంటుంది."

అప్పటికే ఆయన రైలుకి వేళయింది. రాళ్ళు మళ్ళీ ఎక్కించే తీరిక లేదు. మిల్లు షెడ్డులో ఉంచి, కమిటీని స్టేషనుకి దింపమన్నారు. పోనూ రానూ నూట ఇరవై కిలోమీటర్లు. లోవరాజు ఎక్సిలేటరు మీద కాలు పెట్టగానే బండి తువ్వాయిలా గంతేసింది. ఆ సాయంత్రం లెక్క కడితే పద్నాలుగు పాయింటు మూడు వచ్చింది. అతను ఆ అంకెని లాగ్‌బుక్కులో రాసి, దాని వంక చూస్తూ స్టీరింగు ముందు చాలాసేపు కూర్చుండిపోయాడు.

ఆ నెల మిగిలిన రోజులు రాళ్ళు మిల్లులోనే ఉన్నాయి. రవాణా చీటీ కింది భాగంలో 'తిరిగి స్టోరునకు చేరినవి' అన్న చోట ఎవరూ సంతకం పెట్టలేదు, ఎందుకంటే చేరడానికి స్టోరు లేదు. సెప్టెంబరు సగటు పదమూడున్నరకి వచ్చింది. లోవరాజు ఉద్యోగం నిలబడింది. రత్నం ఆరోజు బజారులో రెండు కిలోల వంకాయలు ఎక్కువే తూచిందట, తక్కెడ వైపు చూడకుండా.

కానీ కమిటీ నివేదిక ఇంకా రావలసి ఉంది.

త్రివిక్రమరావు గారు నివేదికని కాగితాలు చూసి రాశారు. మిల్లు దగ్గర ఆయన స్వయంగా నిలబడి చూసిన మాట నిజమే. అయితే జ్ఞాపకం రికార్డు కాదని ఆయన నమ్మకం. కాగితాల్లో ఉన్నది ఇది. జూలై, ఆగస్టు నెలల్లో బండిలో రాళ్ళు లేవు, మైలేజీ పదకొండు. సెప్టెంబరులో ఒకరోజు ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకి రాళ్ళు బండిలో ఎక్కాయి. దిగినట్టు ఎక్కడా లేదు. ఆ సాయంత్రమే మైలేజీ పద్నాలుగు పాయింటు మూడుకి చేరింది. నెలాఖరు దాకా అలాగే ఉంది.

అక్టోబరు పదో తారీఖున రాష్ట్రంలో ఉన్న డివిజను ఆఫీసులన్నిటికీ సర్క్యులరు వెళ్ళింది. 'ప్రామాణిక తూనిక రాళ్ళు వాహనమున ఉంచుట వలన వాహనమునకు స్థిరత్వము, క్రమశిక్షణ కలిగి ఇంధన వినియోగము గణనీయముగా తగ్గునని కోటిపర్రు ప్రయోగము వలన నిరూపితమైనది. కావున ప్రతి కార్యాలయ వాహనపు డిక్కీలో ఇరవై ప్రామాణిక రాళ్ళు శాశ్వతముగా ఉంచవలెను. డిక్కీని ఎట్టి పరిస్థితిలోను తెరిచి చూడరాదు. కోటిపర్రు డ్రైవరు శ్రీ లోవరాజు కృషి ప్రశంసనీయము.'

ఆఫీసులో చప్పట్లు కొట్టారు. భాస్కరమూర్తి గారు శాలువా కప్పారు. మిల్లునుంచి రాళ్ళు తెప్పించి, కొబ్బరికాయ కొట్టి, ఫొటోలు తీసుకుని డిక్కీలో ఎక్కించారు. బండి వెనక్కి కూర్చుంది. లోవరాజు శాలువా మడత పెట్టుకుంటూ లెక్క వేసుకున్నాడు. అక్టోబరు, నవంబరు, డిసెంబరు. సంక్రాంతికి ముందే ఇంటికి పోవాలి. ఈసారి ఎవరితోనూ చెప్పుకోవడానికి కూడా లేదు, శాలువా కప్పేశారు.

ఆ శనివారం ఆఫీసు మూసేముందు విజయశారద గారి బల్ల దగ్గరికి వెళ్ళాడు.

"మేడం గారండీ, ఇప్పుడు రిజిస్టర్లో రాళ్ళు ఎక్కడున్నాయండి?"

"బండిలో."

"సార్ సంతకం పెట్టారాండీ?"

"నిన్ననే పెట్టారు."

"అయితే ఇంక అవి బండిలోంచి ఎక్కడికీ పోవు కదండీ. ఎవరు ఎక్కడికి మోసుకెళ్ళినా గాని."

విజయశారద గారు కళ్ళజోడు పైనుంచి అతని వంక చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత సొరుగు లాగి, ప్రశాంతత గది తాళంచెవి తీసి బల్లమీద పెట్టి, కొబ్బరి లౌజుల డబ్బా మూత తీస్తున్నట్టుగా మొహం పక్కకి తిప్పుకుంది.

ఆదివారం పొద్దున్న లోవరాజు, కరీముల్లా కలిసి ఇరవై రాళ్ళూ మోసి ఆకుపచ్చ తివాచీ మీద, జలపాతం కింద, వరసగా పేర్చారు. డిక్కీలో రత్నం ఇచ్చిన ఖాళీ ఉల్లిపాయ సంచులు ఎత్తుగా మడతపెట్టి, వాటిమీద నీలం పట్టా కప్పారు. కరీముల్లా చేతులు దులుపుకుని కొంచెం దూరం వెళ్ళి బండి వంక చూశాడు.

"లేచింది. బరువెంతో మాత్రం నన్నడక్కు. నోటీసుంది" అన్నాడు.

డిసెంబరు కల్లా రాష్ట్రంలో బండ్లన్నీ పదికీ పదకొండుకీ దిగిపోయాయి. కోటిపర్రు బండి ఒక్కటే పద్నాలుగు దగ్గర నిలబడింది. త్రివిక్రమరావు గారు తక్కిన డివిజన్లలో ఉత్తర్వుని చిత్తశుద్ధితో అమలు చెయ్యడం లేదని తేల్చారు. డ్రైవర్లందరికీ పై ఆఫీసులో ఒకరోజు శిక్షణ పెట్టి, శిక్షకుడిగా లోవరాజుని పిలిపించారు.

వేదిక మీద అతన్ని మైకు ముందు నిలబెట్టారు. ఎదురుగా నలభైమంది డ్రైవర్లు, అందరూ వాళ్ళ మూడో నెలలో ఉన్నవాళ్ళే, కళ్ళు ఆర్పకుండా చూస్తున్నారు.

"టైర్లలో గాలి చూసుకోవాలండి. గేరు సరిగ్గా వెయ్యాలండి. రాళ్ళ గురించి సర్క్యులర్లో పెద్దలు రాశారండి. అంతకంటే నాకు తెలీదండి" అని దిగిపోయాడు. త్రివిక్రమరావు గారు ఆ వినయాన్ని మెచ్చుకున్నారు.

టీ విరామంలో డ్రైవర్లు అతన్ని మెట్ల కింద చుట్టేశారు.

"నిజం చెప్పు బాబాయ్. నా పిల్లల మీద ఒట్టు, ఎవరికీ చెప్పను. ఇరవై రాళ్ళూ నీ బండిలోనే ఉన్నాయా?" అన్నాడు ఒకతను.

"ఉన్నాయి."

"ఇరవయ్యీ?"

"ఇరవయ్యీ. మా ఆఫీసరు సంతకం కూడా ఉంది" అన్నాడు లోవరాజు టీ ఊదుకుంటూ. "మా ఆఫీసులో ప్రశాంతత గది కూడా బాగుంటదండి. తాళం మా సూపర్నెంటు గారి దగ్గరుంటది. మనసు బాగోనప్పుడు అలా వెళ్ళి చూసొస్తే చాలా తేలిగ్గా ఉంటది."

అందరిలోకీ పెద్దవాడు, రిటైరవడానికి ఏడాది ఉన్న డ్రైవరు ఒకాయన, టీగ్లాసు మెట్టుమీద మెల్లిగా పెట్టాడు.

"మా ఆఫీసులోనూ ఉందర్రా ఆ గది. తాళమేసే ఉంది" అన్నాడు.